కాలనీలో ఉదయం యోగా తరగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మా కాలనీ కమ్యూనిటీ హాలు మేడ మీద 11 ఏళ్లుగా ఉదయం 5.30 నుంచి 6.30 వరకు యోగా తరగతి జరుగుతోంది. కొత్తగా చేరదలచినవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే. తమ కాలనీలోనో, ఊళ్లోనో ఇలాంటి తరగతి మొదలుపెట్టాలని వచ్చి కలిసేవారి ప్రశ్నలు వేరు. రెండు రకాల వారికీ ఉపయోగపడేలా, ఇన్నేళ్లు నేర్పుతూ తెలుసుకున్నంత మేరకు, ఈ సమాధానాలు రాస్తున్నాను. ఆరోగ్యం విషయంలో ఇక్కడ రాసినదానికీ మీ డాక్టరు చెప్పినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

మొదటి రోజు వచ్చేటప్పుడు ఏమేమి తెచ్చుకోవాలి?

పరుచుకోవడానికి ఒక జంపఖానా గానీ, మందంగా మడత పెట్టిన దుప్పటి గానీ చాలు. పలచటి బెడ్‌షీటు ఒక్కటే తెస్తే హాలులోని నున్నటి బండల మీద అది జారుతుంది. త్రికోణాసనంలో కాళ్లు ఎడం చేసినప్పుడు మనిషితో పాటు దుప్పటీ కదిలిపోవడం చాలాసార్లు చూశాను. మ్యాట్ కొనుక్కోవాలనుకునేవారు రెండు వారాలు వచ్చి చూసి, కొనసాగుతామన్న నమ్మకం కుదిరాక కొనుక్కోవడం మంచిది. వదులైన నూలు బట్టలు వేసుకోండి. ఆడవారికి చీర కంటే చుడీదార్ అనుకూలంగా ఉంటుంది. చీరతోనే వస్తామనే పెద్దవారికి అభ్యంతరం చెప్పము, వారితో కాళ్లు పైకెత్తే ఆసనాలు చేయించము, అంతే.

కడుపు ఖాళీగా ఉండాలి. సాయంత్రం పూట ఇంట్లో చేసుకునేవారైతే భోజనానికీ ఆసనాలకూ మధ్య మూడు, నాలుగు గంటల వ్యవధి పాటించాలి. కాఫీ సంగతి అందరూ అడుగుతారు. కాఫీ పడనిదే కళ్లు తెరుచుకోవనేవారు మా తరగతిలో సగం మంది ఉన్నారు. అరగంట ముందు అరకప్పు తాగి వచ్చినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాలేదు గానీ, పాలు దండిగా పోసిన గ్లాసుడు కాఫీ తాగి వచ్చి, బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనం వేసినవారు మాత్రం మరునాడు తామే మానేశారు.

నాకు 60 దాటాయి, నేల మీద కూర్చోలేను. చేరవచ్చా?

తప్పకుండా చేరవచ్చు. ఇలాంటివారి కోసమే హాలులో తూర్పు గోడ వెంట ఎనిమిది కుర్చీలు వేసి ఉంచుతాము. అవి చేతులు లేని ఇనుప కుర్చీలు. ప్లాస్టిక్ కుర్చీ పక్కకు వంగినప్పుడు కాళ్లు విచ్చుకుని కూలబడే ప్రమాదం ఉంది, చక్రాల కుర్చీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వెనుక కాళ్లు గోడకు ఆనేలా కుర్చీ వేసి, అరికాళ్లు పూర్తిగా నేలకు ఆనించి కూర్చోవాలి. పొట్టిగా ఉండి కాళ్లు అందనివారికి కాళ్ల కింద పీట వేస్తాము. మెడ, భుజాలు, మణికట్లు, చీలమండలు తిప్పే కదలికలన్నీ, నడుము మెలితిప్పే వక్రాసనానికి తేలిక రూపం, ప్రాణాయామం మొత్తం కుర్చీ మీదే సాధ్యమవుతాయి.

మా తరగతికి 67 ఏళ్ల వయసులో ఒక రిటైర్డ్ ఉద్యోగి వచ్చారు. ఇంట్లో భోజనాల బల్ల, వెస్టర్న్ టాయిలెట్, సోఫా ఏర్పడిన తర్వాత పదిహేనేళ్లుగా నేల మీద కూర్చునే అవసరమే రాలేదని, గుడిలో ప్రసాదం పెట్టినప్పుడు కూడా నిలబడే తింటానని చెప్పారు. మొదటి నెల కుర్చీలోనే ఉన్నారు. రెండో నెలలో గోడ పక్కన రెండు గట్టి దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, చేతులతో కుర్చీని పట్టుకుని వాటి మీదకు దిగడం, మళ్లీ లేవడం మాత్రమే రోజుకు అయిదుసార్లు చేయించాను. నెలకో మందం చొప్పున తగ్గిస్తూ పోగా అయిదో నెలలో మడత పెట్టిన జంపఖానా మీద కాళ్లు మడిచి కూర్చున్నారు. ఆయన మోకాళ్లు ఇప్పటికీ నేలకు నాలుగు వేళ్ల ఎత్తులోనే ఉంటాయి, ఆ ఖాళీలో తువ్వాలు చుట్ట పెట్టుకుంటారు. ఆసనమంటే స్థిరంగానూ సుఖంగానూ ఉండేదని పతంజలి ఒక్క మాటలో, ‘స్థిరసుఖమాసనమ్’ అని చెప్పాడు; ఆయన సూత్రాల్లో మోకాలు నేలకు తగలాలన్న నియమం ఎక్కడా లేదు.

తరగతిలో ఏమేమి చేయిస్తారు?

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన ఉమ్మడి యోగా ప్రోటోకాల్ 45 నిమిషాలది. మా తరగతికి అదే వెన్నెముక. కీళ్లు వదులు చేసే కదలికలతో మొదలై, తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం నిలబడి చేస్తాము. ఆ తర్వాత భద్రాసనం, వజ్రాసనం, శశాంకాసనం వంటివి కూర్చుని, మకరాసనం, భుజంగాసనం, శలభాసనం బోర్లా పడుకుని, సేతుబంధం, పవనముక్తాసనం వెల్లకిలా పడుకుని చేసి, శవాసనంలో విశ్రాంతి తీసుకుని, కపాలభాతి (పొట్టను లోపలికి కుదుపుతూ గాలిని వేగంగా వదలడం), నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి గాలి పీల్చి వదలడం), భ్రామరి (తుమ్మెదలా ఝుంకారం చేస్తూ గాలి వదలడం), కొద్దిసేపు ధ్యానంతో ముగిస్తాము. మిగిలిన పావుగంట శవాసనాన్ని పొడిగించడానికీ, ఒక్కో రోజు ఒక్కో ఆసనాన్ని విడదీసి వివరంగా నేర్పడానికీ వాడుకుంటాము.

సూర్య నమస్కారాలు ఆ ప్రోటోకాల్‌లో లేవు. కావాలని అడిగేవారి కోసం ఆదివారాల్లో విడిగా చేయిస్తాము. సూర్యారాధన చాలా పాతదే అయినా, వ్యాయామంగా ఇప్పుడు మనం చేస్తున్న సూర్య నమస్కారాలకు విస్తృత ప్రచారం తెచ్చినది మహారాష్ట్ర ప్రాంతపు ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి, అదీ 1920లలో. వేల ఏళ్లుగా మార్పు లేకుండా వస్తున్నదని వాదించేవారితో నేను వాదన పెట్టుకోను గానీ, అడిగినవారికి ఉన్న సంగతి చెబుతాను.

యోగాతో షుగరు, బీపీ, థైరాయిడ్ పూర్తిగా పోతాయా? మాత్రలు మానేయవచ్చా?

మాత్రలు మానేయకూడదు. ఈ తరగతిలో నేను కచ్చితంగా పట్టుబట్టే విషయం ఇదొక్కటే. క్రమం తప్పకుండా చేసేవారికి నిద్ర బాగా పట్టడం, నడుము నొప్పి తగ్గడం, ఒంట్లో బిగువు వదలడం మేము కళ్లారా చూశాము. కొందరికి బీపీ అంకెలు మెరుగుపడి డాక్టర్లే మోతాదు తగ్గించారు. ఆ నిర్ణయం తీసుకోవలసినది పరీక్షలు చూసిన డాక్టరే, యోగా నేర్పే నేను కాదు. థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను తయారు చేయలేకపోతున్నప్పుడు మెడ వంచే ఆసనాలు ఆ లోటు పూడుస్తాయని చెప్పడం మోసం కాకపోతే అమాయకత్వం.

తరగతులు నడిపేవారికి ఒక హెచ్చరిక. మధుమేహం, అధిక రక్తపోటు, ఊబకాయం వంటి జబ్బులను నయం చేస్తామని మందులు, మంత్రాలు, ఇతర ఉపాయాల పేరిట ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తూ 1954 నుంచి చట్టం ఉంది. గోడ మీద ఫ్లెక్సీ కట్టే ముందు అందులో ఏమి రాయిస్తున్నారో ఒకసారి చదువుకోండి.

ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరు మాత్రలు వేసుకునేవారు జేబులో బెల్లం ముక్క గానీ, గ్లూకోజు బిళ్లలు గానీ పెట్టుకుని రావాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతున్నట్టనిపిస్తే వెంటనే ఆపి అది నోట్లో వేసుకుని, పక్కవారికి చెప్పాలి. మొహమాటపడి శవాసనంలో పడుకుంటే, నిద్రపోతున్నారనుకుని ఎవరూ పట్టించుకోని ప్రమాదం ఉంది.

ఎవరెవరు ఏవి చేయకూడదు?

అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు, మూర్ఛ వచ్చేవారు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవారు, గర్భిణులు కపాలభాతి చేయకూడదు. కళ్లలో నీటి ఒత్తిడి, అంటే గ్లకోమా, ఉన్నవారు తల గుండె కంటే కిందికి వెళ్లే ఆసనాలన్నిటికీ దూరంగా ఉండాలి. ఇది చాలామందికి తెలియదు, చేరేటప్పుడు మేము ప్రత్యేకంగా అడిగి రాసుకుంటాము. వెన్నులో డిస్కు జారిందని తేలినవారు ముందుకు వంగే ఆసనాలు మానాలి, నొప్పి కాలిలోకి పాకుతుంటే తరగతికే రాకుండా ముందు డాక్టరును కలవాలి.

కపాలభాతి గురించి మరో మాట చెప్పాలి. టీవీలో చూసి రోజుకు వెయ్యిసార్లు కొడుతున్నామని గర్వంగా చెప్పేవారు ప్రతి సంవత్సరం ఇద్దరు ముగ్గురు చేరుతుంటారు. భుజాలు ఎగిరిపడుతూ, ముఖం ఎర్రబడుతూ చేసే వెయ్యి కంటే, పొట్ట ఒక్కటే కదులుతూ, గాలి పీల్చడం దానంతటదే జరిగేలా చేసే 20 మేలు. మా తరగతిలో 20 చొప్పున మూడు విడతలే, మధ్యలో విశ్రాంతితో.

పైన చెప్పినవన్నీ శిక్షణలో నేర్చుకున్నవే అయినా, వాటిని పట్టించుకోవలసిన తీరు ఒక తప్పు చేసిన తర్వాతే నాకు అర్థమైంది. తరగతి మొదలైన రెండో ఏడు, 50 దాటిన ఒకాయన, వెల్లకిలా పడుకుని కాళ్లను తల వెనక్కి తీసుకెళ్లే హలాసనంలో, కాళ్లు నేలకు తగలక అవస్థ పడుతుంటే, సాయం చేస్తున్నాననుకుని నేను మడమలు పట్టుకుని కిందికి అదిమాను. ఆ సాయంత్రానికి ఆయన మెడ పట్టేసింది, మూడు వారాలు కాలరు పెట్టుకోవలసి వచ్చింది. ఆయన మంచితనం వల్ల గొడవ కాలేదు. తిరిగి తరగతికి కూడా వచ్చారు గానీ, చివరి వరుసకు మారిపోయారు. నేను ఆ వైపు నడిచినప్పుడల్లా చాలా నెలల పాటు ముందుగా నా చేతుల వైపు చూసేవారు. ఆనాటి నుంచి మా తరగతిలో హలాసనం లేదు, కాళ్లు 90 డిగ్రీల వద్ద ఆగే అర్ధహలాసనమే ఉంది.

నెలసరి రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు రావచ్చా?

నెలసరిలో రావడానికి అభ్యంతరం లేదు. కపాలభాతి, పొట్ట మీద ఒత్తిడి పడేవి వదిలేసి మిగిలినవి ఓపికను బట్టి చేసుకోవచ్చు, కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు. గర్భిణులకు వేరే శిక్షణ ఉన్న బోధకులు కావాలి. మా ఉమ్మడి తరగతి వారికి తగినది కాదు. ప్రసవం తర్వాత, అందులోనూ సిజేరియన్ అయినవారు, డాక్టరు సరేనన్నాకే చేరాలి.

పిల్లలను తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్లు నిండినవారిని వేసవి సెలవుల్లో చేర్చుకుంటాము. ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు వారికి చేయించము. వారికి వృక్షాసనమంటే మహా ఇష్టం, ఎవరు ఎక్కువసేపు ఒంటికాలి మీద నిలబడతారో పందెం వేసుకుంటారు. ఆ అల్లరి భరించలేని పెద్దలు మే నెలలో వెనుక వరుసలు ఎంచుకుంటారు.

ఓంకారం తప్పనిసరా? వేరే మతాలవారు రావచ్చా?

వస్తున్నారు. ప్రారంభంలో ఓంకారం, చివర శాంతి మంత్రం మా తరగతిలో ఉన్నాయి. అనదలచినవారు అంటారు, అననివారు కళ్లు మూసుకుని మౌనంగా ఉంటారు. ఎవరు పెదవులు కదుపుతున్నారో చూడడం బోధకుల పని కాదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవారు సహరీ (తెల్లవారకముందు చేసే భోజనం), నమాజు ముగించుకుని వచ్చేసరికి కడుపు నిండుగా ఉంటుంది కాబట్టి ఆ నెల వారికి కదలికలు, నాడీశోధన, భ్రామరి వరకే. క్రైస్తవులు కొందరు సూర్య నమస్కారాలకు రారు, మిగతావన్నీ చేస్తారు. ఆదివారం చర్చికి వెళ్లాలి కాబట్టి ఆ సమస్య దానంతటదే తీరిపోయింది.

యూట్యూబ్ చూసి ఇంట్లోనే చేసుకుంటే సరిపోదా?

ఒకసారి సరిగ్గా నేర్చుకున్నవారికి సరిపోతుంది. మొదటిసారి చేసేవారి చిక్కు ఏమిటంటే, తెర మీద మనిషి మనకు కనిపిస్తాడు గానీ మనం అతనికి కనిపించము. మీ నడుము వంగుతున్నదో, వీపు గూనిలా అవుతున్నదో మీకు తెలియదు. నిటారుగా కూర్చున్నామని నమ్మకంగా చెప్పేవారిని పక్క నుంచి ఫోటో తీసి చూపిస్తే తమ ఫోటో కాదన్నట్టు చూస్తారు.

మా కాలనీలో నేర్పాలంటే సర్టిఫికెట్ ఉండాలా?

ఇరుగుపొరుగును కూడగట్టి కలిసి సాధన చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బోధకులుగా నిలబడదలచినవారు మాత్రం శిక్షణ పొంది పరీక్ష రాయడం బాధ్యత. ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు వివిధ స్థాయుల్లో పరీక్షలు నిర్వహిస్తుంది. కాలనీ తరగతికి యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ స్థాయి సరిపోతుంది, ఇంకా ముందుకు వెళ్లదలచినవారికి వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, టీచర్ స్థాయులు ఉన్నాయి. రాత పరీక్షతో పాటు చేసి చూపించే పరీక్ష కూడా ఉంటుంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట్ల యోగాలో డిప్లొమా, పీజీ చదువులూ ఉన్నాయి. ఏదో ఒక శిక్షణలో ప్రథమ చికిత్స కూడా నేర్చుకోండి. మాకు ఇన్నేళ్లలో అది రెండుసార్లు అవసరమైంది.

నేర్పేటప్పుడు అన్నీ చేసి చూపిస్తూ ఉండాలా?

కొత్త బోధకులు ఇక్కడే పొరపడతారు. గంటసేపు తామే చేస్తూ ఉంటే, అది వారి సాధన అవుతుంది గానీ తరగతి కాదు. తల నేలకు ఆనించి శశాంకాసనంలో ఉన్న బోధకుడికి మూడో వరుసలో ఎవరు ఊపిరి బిగబట్టారో ఎలా కనిపిస్తుంది? ఒకసారి చూపించండి, తర్వాత లేచి వరుసల మధ్య తిరగండి. చూపించడానికి బాగా చేసే ఒక విద్యార్థిని ముందు నిలబెట్టవచ్చు, అయితే మరీ సాగే శరీరం ఉన్న ఇరవై ఏళ్లవారిని నిలబెట్టకండి. వారిని చూసి అరవై ఏళ్లవారు పోటీకి దిగుతారు. నడివయసులో ఉండి, ఓ మోస్తరుగా వంగేవారు దీనికి సరైనవారు.

ఎదురుగా నిలబడి చెప్పేటప్పుడు ‘కుడి చేయి’ అంటూ మీ ఎడమ చేయి ఎత్తాలి. అద్దంలో చూసినట్టుండాలి. దీనికి నాకు ఆరు నెలలు పట్టింది, ఇప్పటికీ నిద్ర చాలని రోజున తడబడతాను. ఆసనాల పేర్లు సంస్కృతంలో ఉన్నా సూచనలు వాడుక తెలుగులో ఇవ్వండి. ‘వెన్నెముకను దీర్ఘీకరించండి’ అంటే ఎవరూ కదలరు. ‘నడినెత్తిన ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగుతున్నట్టు కూర్చోండి’ అంటే హాలంతా ఒక్కసారి రెండంగుళాలు పైకి లేస్తుంది. ‘గాలి పీలుస్తూ పైకి, వదులుతూ కిందికి’ అని ప్రతిసారీ, విసుగు లేకుండా, చెబుతూనే ఉండాలి. పదిమందిలో నలుగురు ఊపిరి సంగతే మరిచిపోతారు. వారి ముఖం చూస్తే తెలిసిపోతుంది, దవడ బిగిసి, కనుబొమలు ముడిపడి ఉంటాయి.

చేతితో సరిచేయడం వీలైనంత తగ్గించండి. తాకవలసి వస్తే అడిగి, సరేనన్నాకే తాకాలి. మగ బోధకులు ఆడవారిని మాటతోనే సరిచేయాలి, లేదా సీనియర్ మహిళా సాధకుల సాయం తీసుకోవాలి. మా తరగతిలో అలా సాయపడే అక్కలు ముగ్గురున్నారు, నిజానికి నాకంటే వారి కన్నే చురుకైనది.

స్థలం, అనుమతులు, మైకు సంగతి?

కాలనీ సంఘం హాలైతే కమిటీ తీర్మానం చేయించుకుని కాగితం మీద తీసుకోండి, కమిటీలు మారుతుంటాయి. పార్కు అయితే మునిసిపల్ కార్పొరేషన్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. హాలుతో ఉన్న చిక్కు పెళ్లిళ్లు. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే మాకు నెలలో పది రోజులు చోటు ఉండదు. ఆ రోజుల్లో మేడ పైన డాబా మీదకు ఎక్కుతాము, కింద వంటవాళ్లు తిరగమోత వేస్తుంటే ప్రాణాయామం చేయడమంటే ఏమిటో మాకు తెలుసు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, మూసి ఉన్న హాలు లోపలివారి కోసం తప్ప, లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కాబట్టి 5.30 తరగతికి ఆరుబయట మైకు పెట్టకండి, హాలులోనైనా పెట్టకపోవడమే మంచిది. 40 మంది వరకు గొంతే చాలు, అంతకు మించితే రెండు జట్లు చేయండి. చుట్టుపక్కల ఇళ్లలో పరీక్షలకు చదివే పిల్లలు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవారు ఉంటారు. వారి సహనం పోతే మరుసటి నెల కమిటీ సమావేశంలో మీ మీద ఫిర్యాదు వస్తుంది.

ఉచితంగా నేర్పాలా, రుసుము తీసుకోవాలా?

ఉచితమంటే విలువ ఉండదని కొందరంటారు, డబ్బు తీసుకుంటే సేవ కాదని మరికొందరంటారు. మేము మొదట ఉచితంగా నడిపి, కరెంటు బిల్లు, ఊడ్చే ఆమె జీతం ఎవరు ఇవ్వాలన్న దగ్గర ఇబ్బంది పడి, చివరకు నెలకు 100 రూపాయలు వేసుకుంటున్నాము. ఇవ్వలేనివారిని అడగము. లెక్క ప్రతి నెలా మొదటి ఆదివారం నోటీసు బోర్డుకు అంటిస్తాము. యోగానే వృత్తిగా చేసుకున్న బోధకులు తగిన రుసుము తీసుకోవడంలో తప్పేమీ లేదు.

జలనేతి (ఒక ముక్కు రంధ్రంలో ఉప్పునీళ్లు పోసి రెండో దాని నుంచి వదిలి ముక్కు శుభ్రం చేసుకోవడం) నేర్పుతారా?

ఒక్కొక్కరికి విడిగా, అడిగితేనే. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లే వాడాలి, అర లీటరుకు ఒక చిన్న చెంచా ఉప్పు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులో పోయకండి. చాలా అరుదుగానే అయినా, ఆ నీటిలోని అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణాంతకమవుతుంది.

యోగా దినోత్సవం నాడు హాలు నిండుతుంది, జూలై వచ్చేసరికి ఖాళీ అవుతుంది. ఏం చేయాలి?

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న తీర్మానం చేయగా 2015 నుంచి జూన్ 21న ఈ దినోత్సవం జరుగుతోంది. 2025లో ప్రధాన కార్యక్రమం విశాఖపట్నంలో, సముద్రతీరం పొడవునా లక్షల మందితో జరిగినప్పుడు మా హాలుకు కూడా ఒక్క వారంలో 60 మంది కొత్తవారు వచ్చారు. ఆగస్టు 15 నాటికి వారిలో మిగిలినది తొమ్మిది మంది. నేను దీన్ని నష్టంగా చూడడం మానేశాను, ఏటా తొమ్మిది మంది నిలబడినా అది చాలా పెద్ద సంఖ్యే. వారిని నిలబెట్టడానికి మేము చేసేది ఒక్కటే. రెండు రోజులు రాకపోతే మూడో రోజు పక్కింటివారు తలుపు తడతారు. ‘ఎందుకు రాలేదు?’ అని అడగరు, ‘వంట్లో బాగానే ఉందా?’ అని అడుగుతారు.

తరగతికి సెలవులు ఎప్పుడు?

సంక్రాంతికి మూడు రోజులు, దసరాల్లో కనకదుర్గమ్మ కొండకు వెళ్లే దారులన్నీ జనంతో నిండే మూలా నక్షత్రం రోజు. కుండపోత వర్షం కురిస్తే సెలవని ఎవరూ ప్రకటించరు. తాళం నా దగ్గర ఉంటుంది, 5.20కి తెరుస్తాను, వచ్చినవారితోనే తరగతి జరుగుతుంది.